రెండు అర్థాలను విడదీసే ఉదాహరణ: టెస్ట్ చేయగలిగే ఫీచర్ స్పెక్ ఎలా రాయాలి

"అపాయింట్‌మెంట్‌ను 24 గంటల ముందు వరకు రద్దు చేసుకోవచ్చు." స్పెక్‌లో, అంటే ఫీచర్ ఎలా పనిచేయాలో కోడ్‌కు ముందే రాసుకునే పత్రంలో, ఈ వాక్యం చదివితే ఎవరికీ అనుమానం రాదు. ప్రోడక్ట్ ఓనర్ సరేనంటారు, డెవలపర్ కోడ్ మొదలుపెడతారు, టెస్టర్ టెస్ట్ కేసులు రాసుకుంటారు. ముగ్గురూ అనుకున్నది ఒకే నియమం కాదన్న సంగతి చాలాసార్లు రిలీజ్ అయ్యాకే, అదీ వాడేవాళ్ళ ఫిర్యాదు రూపంలో తెలుస్తుంది.

నేను టెస్టింగ్ నుంచి వచ్చినదాన్ని. ఇప్పుడు మాత్రం నా సమయమంతా కోడ్ పుట్టకముందు జరిగే పనిలోనే గడుస్తోంది. స్పెక్ రాసేవాళ్ళ పక్కన కూర్చుని, ప్రతి నియమానికీ అంకెలతో, తేదీలతో, పేర్లతో ఉదాహరణలు అడుగుతుంటాను. ఈ పని ఎలా చేస్తానో ఇక్కడ రాస్తున్నాను.

ముందు కొలబద్ద ఏమిటో చెప్పుకుందాం. ఒక ఫీచర్ గురించి ఎన్నడూ మాట్లాడుకోని ఇద్దరికి ఆ స్పెక్ ఇచ్చి, ఒకే ఇన్‌పుట్ చూపించి, సిస్టమ్ ఏం చేయాలి అని విడివిడిగా అడగండి. ఇద్దరి జవాబూ ఒకటే అయితే ఆ స్పెక్‌ను టెస్ట్ చేయవచ్చు. వేరువేరు జవాబులు వస్తే, స్పెక్ ఎన్ని పేజీలున్నా అది ఇంకా పూర్తి కానట్టే.

ఎలాంటి ఉదాహరణ కావాలి

ఉదాహరణలు రాయండి అనగానే చాలామంది అందరికీ తెలిసినదే రాస్తారు. అపాయింట్‌మెంట్ 15వ తేదీన, రద్దు 10వ తేదీన, కాబట్టి రద్దవుతుంది. ఇలాంటిది ఒకటి ఉండాలి, కొత్తగా చదివేవాళ్ళకు ఫీచర్ దేని గురించో తెలుస్తుంది. కానీ దీనివల్ల ఏ సందేహమూ తీరదు. నియమాన్ని తప్పుగా అర్థం చేసుకున్నవాళ్ళు కూడా దీనికి సరైన జవాబే చెబుతారు.

పనికొచ్చే ఉదాహరణ వేరు. నియమానికి కనీసం రెండు సబబైన అర్థాలు ఊహించండి. ఆ రెండు అర్థాలూ రెండు వేరే జవాబులు ఇచ్చే ఇన్‌పుట్ వెతకండి. దొరికిందా, అదే రాయవలసిన ఉదాహరణ. నేను చెప్పదలచుకున్న పద్ధతి మొత్తం దీని మీదే నిలబడి ఉంది.

సంఖ్యలను దగ్గరి పూర్ణాంకానికి సవరించే నియమం చూడండి. "సగం వస్తే దగ్గరి అంకెకు" అని రాసి, ఉదాహరణగా 3.5 ఇస్తే 4 రావాలి అన్నారనుకుందాం. మామూలు పద్ధతిలోనూ 4 వస్తుంది, సగం వచ్చినప్పుడు దగ్గరి సరిసంఖ్యకు సవరించే పద్ధతిలోనూ 4 వస్తుంది. ఆ ఉదాహరణ ఏమీ తేల్చలేదు. 2.5 ఇవ్వండి: మొదటి పద్ధతిలో 3, రెండో పద్ధతిలో 2. ఇది ఊహించి చెప్పే సమస్య కాదు. పైథాన్ 3లో రౌండ్ ఫంక్షన్‌కు 2.5 ఇస్తే 2 వస్తుంది, జావాస్క్రిప్ట్‌లో మ్యాథ్ రౌండ్‌కు ఇస్తే 3 వస్తుంది. సర్వర్ ఒక భాషలో, స్క్రీన్ ఇంకో భాషలో రాసిన ప్రాజెక్టులో 2.5 అనే ఒక్క వరుస స్పెక్‌లో లేకపోతే రెండుచోట్లా రెండు లెక్కలు కనిపిస్తాయి.

ఇంకోటి. "రిపోర్టు ప్రతి నెలా అదే తేదీన తయారవ్వాలి." మొదటి రిపోర్టు 2024 జనవరి 31న వచ్చింది. తర్వాతది ఎప్పుడు? ఫిబ్రవరిలో 31 లేదు కాబట్టి 29న అని ఎవరైనా ఒప్పుకుంటారు. అక్కడితో ఆగిపోతే అసలు ప్రశ్న బయటికే రాదు. మార్చిలో ఎప్పుడు? కిందటి రిపోర్టు తేదీకి ఒక నెల కలిపేవాళ్ళకు మార్చి 29 వస్తుంది, మొదటి తేదీని గుర్తుపెట్టుకున్నవాళ్ళకు మార్చి 31 వస్తుంది. రెండు కోడ్‌లూ ఫిబ్రవరి టెస్ట్ పాసవుతాయి. మూడో నెల దాకా వెళ్ళిన ఉదాహరణే వాటిని విడదీస్తుంది. కాలంతో ముడిపడిన నియమం ఏదైనా సరే, ఒక్క అడుగు ఉదాహరణతో తృప్తిపడకండి, కనీసం రెండు అడుగులు నడిపించి చూడండి.

రద్దు నియమాన్ని పట్టి చూద్దాం

మొదటి వాక్యానికి తిరిగి వెళ్దాం. అపాయింట్‌మెంట్ 15వ తేదీ ఉదయం 10:00కి. నేనైతే ముందు ఈ చిన్న పట్టిక గీస్తాను, చివరి గడిని ఖాళీగా వదిలేస్తాను.

| రద్దు కోరిన సమయం | ఏం జరగాలి |
| 14వ తేదీ ఉదయం 9:59 | |
| 14వ తేదీ ఉదయం 10:00 | |
| 14వ తేదీ ఉదయం 10:01 | |

ఖాళీ గడిని ఎవరికి వాళ్ళే, పక్కవాళ్ళ కాగితం చూడకుండా నింపాలి. ఇది నేను పట్టుబట్టి చేయించే పని. అందరి ముందూ నోటితో అడిగితే మొదట మాట్లాడినవాళ్ళ జవాబే అందరి జవాబూ అవుతుంది. విడిగా రాస్తే మధ్య వరుస దగ్గర తేడా వస్తుంది. "24 గంటల ముందు వరకు" అంటే సరిగ్గా 24 గంటలు కలిసి వస్తుందా, రాదా? ఏదైనా ఫర్వాలేదు, ఒకటి తేలాలి.

అది తేలాక ఇంకాస్త లోపలికి వెళ్ళండి. గడియారం 10:00 చూపిస్తోంది, సర్వర్‌లో 10:00:40 అయింది. వాడే మనిషికి ఇంకా 10:00 గానే కనిపిస్తున్నప్పుడు రద్దు చేయనివ్వకపోతే ఆమెకు అది అన్యాయంగానే తోస్తుంది. సెకన్లను లెక్కలోకి తీసుకుంటామా? పేజీ 9:58కి తెరిచి, బటన్ 10:03కి నొక్కితే ఏ సమయం చూస్తాం? ఈ ప్రశ్నలకు డెవలపర్ ఎలాగూ ఏదో ఒక జవాబు ఇస్తారు, కోడ్ రాయాలంటే ఇవ్వక తప్పదు. ఆ జవాబు ఎవరూ చూడని చోట, కోడ్‌లోని ఒక షరతులో పడిపోవడం మంచిది కాదు. నిర్ణయం తీసుకోవలసినవాళ్ళు తెలిసే తీసుకోవాలి.

గడియారాలు ముందుకూ వెనక్కూ జరిపే ప్రాంతాల్లో వాడే సాఫ్ట్‌వేర్ అయితే ఇంకో వరుస తప్పనిసరి. అమెరికాలో 2025 మార్చి 9 తెల్లవారుజామున 2 గంటలకు గడియారాలను ఒక గంట ముందుకు జరిపారు. న్యూయార్క్‌లో ఆ రోజు ఉదయం 10:00కి అపాయింట్‌మెంట్ ఉంటే, అసలు 24 గంటల ముందు అంటే మార్చి 8 ఉదయం 9:00. "నిన్న ఇదే సమయం" అనుకుంటే 10:00, కానీ ఆ రెంటి మధ్య గడిచేది 23 గంటలే. మార్చి 8 ఉదయం 9:30కి రద్దు కోరితే ఏం జరగాలి? ఈ ఒక్క వరుస "24 గంటలు" అనే అర్థాన్నీ "ఒక రోజు" అనే అర్థాన్నీ విడదీస్తుంది.

అన్నీ తేలాక దాన్ని సన్నివేశంగా రాస్తాం. పరిస్థితి, చర్య, ఫలితం అనే మూడు భాగాలుగా రాసే ఈ అలవాటు డాన్ నార్త్, క్రిస్ మాట్స్ చేసిన పని నుంచి వచ్చింది. 2008లో ఆస్లాక్ హెలెసోయ్ మొదలుపెట్టిన కుకుంబర్ టూల్ ఇలా రాసిన వాక్యాలను నేరుగా టెస్టులుగా నడుపుతుంది. అంతకుముందే, 2002లో, వార్డ్ కనింగ్‌హామ్ తయారుచేసిన ఫిట్ అనే టూల్ డాక్యుమెంట్‌లోని పట్టికలను టెస్టులుగా నడిపింది. కుకుంబర్ వాడే గెర్కిన్ భాషకు తెలుగు కీలకపదాలు కూడా ఉన్నాయి. ఫైల్ మొదటి వరుసలో భాష తెలుగు అని చెబితే చాలు:

గుణము: అపాయింట్‌మెంట్ రద్దు

సన్నివేశం: సరిగ్గా 24 గంటల ముందు రద్దు కోరడం
చెప్పబడినది అపాయింట్‌మెంట్ 15వ తేదీ ఉదయం 10:00కి ఉంది
మరియు ఇప్పుడు సమయం 14వ తేదీ ఉదయం 10:00
ఈ పరిస్థితిలో క్లయింట్ రద్దు కోరితే
అప్పుడు అపాయింట్‌మెంట్ రద్దవుతుంది
మరియు ఆ స్లాట్ మిగతావాళ్ళకు ఖాళీగా కనిపిస్తుంది

బిజినెస్ వాళ్ళు తెలుగులో ఆలోచించి తెలుగులో మాట్లాడే టీమ్ అయితే ఇలా రాయడం నాకు ఎంతో ఇష్టం. చదివినవాళ్ళు వెంటనే "కాదు, స్లాట్ వెంటనే ఖాళీ అవకూడదు, వెయిటింగ్ లిస్ట్‌లో ఉన్నవాళ్ళకు ముందు వెళ్ళాలి" అంటారు. ఆ అభ్యంతరం కోసమే ఇదంతా.

"ఇప్పుడు సమయం" అనేదాన్ని పరిస్థితిలో రాశానని గమనించండి. సమయాన్ని మనమే ఇవ్వగలిగితేనే ఆ టెస్ట్ ఎప్పుడు నడిపినా ఒకే ఫలితం వస్తుంది. సిస్టమ్ గడియారాన్ని నేరుగా చదివే కోడ్‌తో ఇది కుదరదు. కాబట్టి స్పెక్ దశలోనే డెవలపర్‌తో ఈ మాట అనుకోవాలి.

లాకౌట్: ఒక నియమంలో దాగిన నాలుగు ప్రశ్నలు

"15 నిమిషాల్లో 5 సార్లు తప్పు పాస్‌వర్డ్ ఇస్తే అకౌంట్ లాక్ అవుతుంది." దాదాపు ప్రతి సిస్టమ్‌లోనూ ఇలాంటి వాక్యం ఉంటుంది. 10:00, 10:01, 10:02, 10:03, 10:04 అని ఐదు తప్పులు రాస్తే లాక్ అవుతుందని అందరూ ఒప్పుకుంటారు. ఇప్పుడు ఈ వరుస చూడండి: 10:00, 10:10, 10:14, 10:16, 10:18, ఆపై 10:20. మొదటి తప్పుతో 15 నిమిషాల లెక్క మొదలై, 10:15కి సున్నా అయి, తర్వాతి తప్పుతో మళ్ళీ మొదలవుతుంది అనుకుంటే 10:20కి కొత్త లెక్కలో మూడే తప్పులు, లాక్ కాదు. ప్రతి తప్పు దగ్గరా వెనక్కి 15 నిమిషాలు చూస్తాం అనుకుంటే 10:20 నుంచి వెనక్కి 10:05 వరకు ఐదు తప్పులున్నాయి, లాక్ అవుతుంది. ఒకే వాక్యం, ఒకే ఇన్‌పుట్, రెండు ఫలితాలు.

అక్కడితో అయిపోలేదు. నాలుగు తప్పుల తర్వాత సరైన పాస్‌వర్డ్ ఇచ్చి, బయటికొచ్చి, మళ్ళీ ఒక తప్పు చేస్తే? లాక్ అయ్యాక సరైన పాస్‌వర్డ్ ఇస్తే ఏ సందేశం కనిపించాలి? మామూలు తప్పు పాస్‌వర్డ్ సందేశమే చూపిస్తే అసలు యజమాని గందరగోళపడతారు. "లాక్ అయింది" అని చూపిస్తే, ఆ అకౌంట్ ఉందన్న సంగతి దాడి చేసేవాళ్ళకు తెలిసిపోతుంది. ఇక్కడ సెక్యూరిటీ టీమ్‌నూ పిలవాలి. లాక్ అయ్యాక చేసిన తప్పు ప్రయత్నాలు లాక్ సమయాన్ని పొడిగిస్తాయా? ఒక్కొక్క ప్రశ్నకు ఒక్కొక్క వరుస చాలు. పేరాగ్రాఫులు అక్కర్లేదు.

ఇన్ని ప్రశ్నలు వచ్చినప్పుడు అన్నిటికీ అక్కడే జవాబు దొరకదు. అందుకు 2015లో మాట్ వైన్ పరిచయం చేసిన ఎగ్జాంపుల్ మ్యాపింగ్ పద్ధతి బాగా ఉపయోగపడుతుంది. కథకు, అంటే చేయబోయే ఫీచర్‌కు, పసుపు కార్డు, నియమాలకు నీలం, ఉదాహరణలకు ఆకుపచ్చ, జవాబు దొరకని ప్రశ్నలకు ఎరుపు. దాదాపు 25 నిమిషాల్లో ముగించాలి. ఎరుపు కార్డులు గుట్టగా పడితే ఆ ఫీచర్ ఇంకా కోడింగ్‌కు సిద్ధంగా లేదని అర్థం. నీలం కార్డులు ఎక్కువైతే దాన్ని రెండు మూడు చిన్న ఫీచర్లుగా విడగొట్టాలి. ఒక నీలం కార్డు కింద ఆకుపచ్చ కార్డులు మరీ ఎక్కువైతే ఆ నియమంలో ఇంకో నియమం దాగి ఉండవచ్చు. ఎరుపు కార్డు రాయడానికి ఎవరూ సంకోచించకూడదు. నా దృష్టిలో ఆ సమావేశంలో తయారయ్యే అత్యంత విలువైన వస్తువు అదే.

ఈ సమావేశానికి ముగ్గురు తప్పనిసరి: ఏం కావాలో తెలిసినవాళ్ళు, కట్టేవాళ్ళు, చెడగొట్టి చూసేవాళ్ళు. స్పెక్ అంతా రాసేసి టెస్టర్‌కు చివర్లో పంపితే, ఉదాహరణలు అలంకారంగా మిగిలిపోతాయి.

అక్షరాల లెక్క

తెలుగులో వాడే సాఫ్ట్‌వేర్‌కు స్పెక్ రాసేవాళ్ళందరికీ ఇది ప్రత్యేకంగా చెప్పాలి. "డిస్‌ప్లే పేరు 8 అక్షరాలు మించకూడదు." ఇన్‌పుట్‌గా కృష్ణవేణి ఇవ్వండి. మనం కంటితో చూసే అక్షరాలు కృ, ష్ణ, వే, ణి: నాలుగు. యూనికోడ్ కోడ్ పాయింట్లు (కంప్యూటర్‌లో ప్రతి గుర్తుకూ ఇచ్చిన సంఖ్యలు) లెక్కపెడితే తొమ్మిది, ఎందుకంటే గుణింతపు గుర్తులు, పొల్లు కూడా విడివిడిగా లెక్కకొస్తాయి. ఆ గుర్తులను బైట్లుగా దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో బైట్లు ఇరవై ఏడు. కనిపించే అక్షరాలను లెక్కపెట్టే యూనికోడ్ నియమాలు వాడినా, పాత వెర్షన్లలో ష్, ణ విడిపోయి ఐదు వస్తుంది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1 నియమాల ప్రకారం నాలుగు వస్తుంది. అంటే ఆ పేరు చెల్లుతుందా లేదా అన్నది డెవలపర్ ఏ ఫంక్షన్ పిలిచారన్న దాని మీద ఆధారపడి ఉంది. స్పెక్‌లో రోమన్ లిపి పేర్లు మాత్రమే ఉదాహరణలుగా ఉంటే ఇది ఎప్పటికీ బయటపడదు, వాటిలో అన్ని లెక్కలూ దాదాపు ఒకటే.

ఎస్ఎంఎస్ రిమైండర్ ఫీచర్‌కూ ఇదే వర్తిస్తుంది. ఇంగ్లీషు సందేశం ఒక ఎస్ఎంఎస్‌లో 160 అక్షరాలు పడుతుంది. తెలుగు లిపి సాధారణంగా ఒక్కో గుర్తుకు రెండు బైట్లు తీసుకునే యూసీఎస్-2 పద్ధతిలో వెళ్తుంది కాబట్టి 70 కోడ్ పాయింట్లే పడతాయి, అంతకు మించితే ముక్కకు 67. 70, 71 పొడవున్న రెండు నిజమైన తెలుగు సందేశాలను ఉదాహరణలుగా పెట్టండి. ఒకటి ఒక ఎస్ఎంఎస్‌గా, ఇంకోటి రెండుగా వెళ్ళాలి.

రాసేటప్పుడు చూసుకోవలసినవి

ఫలితం భాగంలో బయటికి కనిపించేదే రాయండి. "సరిగ్గా పనిచేస్తుంది" అని రాస్తే టెస్ట్ చేయడానికి ఏమీ మిగలదు. "స్టేటస్ కాలమ్ 3 అవుతుంది" అని రాస్తే రేపు డేటాబేస్ మారిన వెంటనే స్పెక్ అబద్ధమవుతుంది. జరగకూడనిదాన్ని కూడా చెప్పండి: రద్దు తిరస్కరించినప్పుడు క్లయింట్‌కు రద్దు ఈమెయిల్ వెళ్ళకూడదు. తిరస్కరణ సరిగ్గా చూపించి, ఈమెయిల్ మాత్రం పంపేసే కోడ్ రాయడం చాలా తేలిక.

చర్య భాగంలో ఒకే చర్య ఉండాలి. "లాగిన్ బటన్ నొక్కి, మెనూ తెరిచి, మూడో లింక్ నొక్కి" అని స్క్రీన్ దారి రాయకండి. క్లయింట్ రద్దు కోరితే, అంతే. మొబైల్ యాప్ వచ్చినా, ఫోన్‌లో మాట్లాడి రద్దు చేసే ఏర్పాటు వచ్చినా ఆ ఉదాహరణ నిలబడాలి.

ఫలితానికి సంబంధం లేని వివరాలు తీసేయండి. రద్దు ఉదాహరణలో క్లయింట్ వయసు, ఈమెయిల్ ఐడీ ఉంటే చదివేవాళ్ళు అవి కూడా నియమంలో భాగమేమోనని ఆగి ఆలోచిస్తారు. ఒక వివరాన్ని మార్చినా జవాబు మారకపోతే అది ఉదాహరణలో ఉండనవసరం లేదు. అలాగే రెండు ఉదాహరణలు ఒకే విషయాన్ని చెబుతుంటే ఒకదాన్ని కొట్టేయండి. ఇరవై వరుసల పట్టికను ఎవరూ శ్రద్ధగా చదవరు.

వచ్చే విలువను చేతితో లెక్కకట్టి రాయండి. కోడ్ నడిపి వచ్చిన అంకెను తెచ్చి స్పెక్‌లో అతికిస్తే, కోడ్ ఏం చేసినా అదే సరైనదని సంతకం పెట్టినట్టు.

ఉదాహరణలు రాశాం కదా అని నియమం వాక్యాన్ని తీసేయకండి. 9:59, 10:00, 10:01 మాత్రమే మిగిలితే, ఏడాది తర్వాత చదివేవాళ్ళకు ఆ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో తెలియదు. పైన నియమం, కింద దాన్ని బిగించే ఉదాహరణలు, ఈ వరుసలో ఉంచండి.

"త్వరగా", "తగిన", "అవసరమైతే", "మొదలైనవి" లాంటి మాటల పక్కన గుర్తు పెట్టుకుంటూ వెళ్ళండి. "సెర్చ్ త్వరగా రావాలి" అన్నచోట, 200 మంది ఒకేసారి వాడుతున్నప్పుడు ప్రతి 100 సెర్చ్‌లలో 95 రెండు సెకన్లలోపు రావాలి అనే స్థాయికి తీసుకురండి. ఆ అంకెలు మీ సిస్టమ్‌కు తగ్గట్టు మారతాయి, కానీ అంకె లేకుండా మాత్రం వదలకండి. ఇక "మొదలైనవి" దగ్గర అయితే జాబితా పూర్తి చేయించే వరకు నేను లేవను.

ఉదాహరణలు అన్నిటినీ పట్టుకోలేవు. సెట్టింగుల మధ్య వేల కలయికలున్న చోట జనరేట్ చేసిన డేటాతో నడిపే టెస్టులు కావాలి, స్క్రీన్ వాడటానికి హాయిగా ఉందా అన్నది మనిషి కూర్చుని వాడి చూడాలి. వాటి పని వాటికి వదిలి, ఉదాహరణలను నియమాల కోసం ఉంచండి.

నియమం మారినప్పుడు ముందు ఉదాహరణలు మార్చండి, తర్వాత కోడ్. 24 గంటలు కాస్తా 12 గంటలు అయిందనుకోండి. 14వ తేదీ ఉదయం 10:01 వరుసలో ఫలితాన్ని "రద్దవుతుంది" అని మార్చి, 14వ తేదీ రాత్రి 9:59, 10:00, 10:01 అని కొత్త సరిహద్దు వరుసలు చేర్చి, పాత కోడ్ మీదే నడపండి. ఉదయం 10:01, రాత్రి 9:59 వరుసలు ఫెయిలవ్వాలి. సరిగ్గా 12 గంటలనూ అనుమతించేలా నిర్ణయిస్తే రాత్రి 10:00 వరుస కూడా ఫెయిలవ్వాలి. వీటిలో ఏదైనా పాసైతే ఆ వరుస నిజంగా నడుస్తోందో లేదో ముందు చూసుకోండి. రాత్రి 10:01కి పాత నియమంలోనూ కొత్త నియమంలోనూ తిరస్కరణే, కాబట్టి అది పాసవుతూనే ఉండాలి. అది ఫెయిలైతే కోడ్‌ను ముట్టుకోకుండా ముందు ఆ వరుస దగ్గర ఆగి, అందులో ఏం రాశారో మళ్ళీ చదవండి.